తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను, మేడమ్

ప్రశ్న: యూనివర్సిటీలో పీజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. డిగ్రీలో ఎప్పుడూ క్లాస్ ఫస్టే. ఇక్కడ చేరాక రెండు నెలలు బాగానే గడిచాయి. ఆ తర్వాత ఏమైందో తెలీదు, రాత్రి మూడింటి దాకా నిద్ర పట్టదు, పొద్దున లేవలేను. తొమ్మిదింటి క్లాసులు పోతున్నాయి. ఒక అసైన్‌మెంట్ ఇవ్వనే లేదు. ఇంకోదానికి గడువు దగ్గరపడుతోంది, ఆ ఫైలు తెరవాలంటేనే చేతులు చల్లబడిపోతున్నాయి. ఆకలి లేదు. జుట్టు ఊడుతోంది, మెట్లెక్కితే ఆయాసం. ఎవరితోనూ గొడవల్లేవు, ప్రేమ వ్యవహారాల్లేవు, ఇంట్లో కష్టాల్లేవు. మరి నాకెందుకీ బాధ? అమ్మ ఫోన్ చేస్తే బాగానే ఉన్నానంటాను. మా రూమ్మేట్ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లమంది. తలుపు దాకా వెళ్లి, బయట బోర్డు చదివి వెనక్కి వచ్చేశాను. నాకంటే పెద్ద కష్టాల్లో ఉన్నవాళ్ల టైము నేను తీసుకుంటున్నానేమో అనిపించింది. పైగా అక్కడికి వెళ్తే డిపార్ట్‌మెంట్‌లో తెలుస్తుందా? ఇంట్లో వాళ్లకి చెప్తారా? సర్టిఫికెట్లలో ఏమైనా రాస్తారా? అసలు లోపల ఏం చేస్తారు మేడమ్? మాట్లాడితే మార్కులు వస్తాయా?
– పేరు రాయడం ఇష్టం లేని విద్యార్థిని

జవాబు: నీ ఉత్తరం చదువుతూ నేను మొదట ఆగింది ఆ మెట్ల దగ్గర. నిద్ర గురించి, చదువు గురించి అంత వివరంగా రాసి, జుట్టు ఊడటం, ఆయాసం మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ రెండూ డాక్టర్ చూడాల్సినవి తల్లీ. అందుకని కౌన్సెలింగ్ సంగతి కాసేపు పక్కన పెట్టు. ముందు మీ యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్లు.

ఎందుకో చెప్తాను. రక్తహీనత ఉంటే నీరసం, మెట్లెక్కితే ఆయాసం, జుట్టు ఊడటం, చేతులు చల్లబడటం, దేని మీదా ధ్యాస నిలవకపోవడం, ఇవన్నీ వస్తాయి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉన్నవాళ్లలో, సరిగా తినని వాళ్లలో ఇది మరీ ఎక్కువ. ప్రపంచం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 30 శాతం మందికి రక్తహీనత ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. థైరాయిడ్ తగ్గినా ఇంచుమించు ఇవే లక్షణాలు, వాటికి తోడు మనసు కూడా దిగాలుగా ఉంటుంది. బి12 విటమిన్ లోపించినా అంతే. వీటన్నిటికీ మామూలు రక్త పరీక్షలు చాలు. హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, థైరాయిడ్, బి12 చూడమని డాక్టర్‌ని నువ్వే అడుగు. గర్భవతులు కాని ఆడవాళ్లకి హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. ఒక్కోసారి హిమోగ్లోబిన్ బాగానే ఉండి, ఒంట్లో నిల్వ ఉండాల్సిన ఐరన్ మాత్రం అడుగంటి ఉంటుంది. అది ఫెర్రిటిన్‌లో బయటపడుతుంది, అందుకే దాన్ని పేరు పెట్టి అడగమంటున్నాను.

నీ బాధంతా రక్తం తక్కువై వచ్చిందేనని నేను అనడం లేదు. రెండూ కలిసే ఉండొచ్చు. కానీ ఒంట్లో ఉన్న లోపాన్ని చూడకుండా ‘నా మనసే బలహీనమైంది’ అని నిన్ను నువ్వు తిట్టుకుంటూ నెలలు గడపడం అన్యాయం. నీకు ఇంకో లాభం కూడా ఉంది. హెల్త్ సెంటర్‌కి జ్వరమొచ్చినా వెళ్తారు, కాలు బెణికినా వెళ్తారు. అక్కడ నిన్ను చూసి ఎవరూ ఏమీ అనుకోరు. లోపలికి వెళ్లాక ‘నిద్ర పట్టడం లేదు, ఏదీ చేయబుద్ధి కావడం లేదు’ అని కూడా డాక్టర్‌తో చెప్పు. వాళ్లే కౌన్సెలింగ్ సెంటర్‌కి చీటీ రాసి పంపిస్తారు. కౌన్సెలింగ్ తలుపు తట్టలేక వెనక్కి వచ్చినవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పే దారి ఇది.

ఇక నీ అసలు భయం. నాకంటే పెద్ద కష్టాల్లో ఉన్నవాళ్లు ఉంటారు కదా అన్నావు. ఉంటారు. కానీ ఆ సెంటర్ పెట్టింది వాళ్ల ఒక్కళ్ల కోసమే కాదు. 1910లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం ప్రత్యేకంగా ఒక వైద్య సేవ మొదలుపెట్టింది. యూనివర్సిటీల్లో ఇలాంటిది అదే మొదటిదని చెప్తారు. దానికి కారణం పెద్ద పెద్ద జబ్బులు కావు. చదవగలిగిన తెలివితేటలన్నీ ఉండి కూడా, మనసు కుదురు లేక పిల్లలు చదువు మధ్యలో వదిలేసి వెళ్లిపోతున్నారని అక్కడి పెద్దలు గమనించారు. అంటే ఆ ఏర్పాటే నీలాంటి వాళ్లని చూసి పుట్టింది. డిగ్రీలో క్లాస్ ఫస్ట్ వచ్చి, పీజీలో ఫైలు తెరవలేకపోతున్న అమ్మాయిని చూసి.

నువ్వు ఒక్కదానివే కూడా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2018లో వచ్చింది. 8 దేశాల్లో 19 కాలేజీలు, యూనివర్సిటీల్లో కొత్తగా చేరిన సుమారు 14,000 మంది విద్యార్థులని అడిగి చూస్తే, దాదాపు 35 శాతం మందిలో అప్పటి దాకా ఏదో ఒక సమయంలో మానసిక సమస్య లక్షణాలు కనిపించాయి. మీ క్లాసులో ముప్పై మంది ఉంటే ఆ లెక్కన పది మంది. వాళ్లూ ఇంటికి ఫోన్ చేసి బాగానే ఉన్నామనే చెప్తుంటారు.

‘ఏ కష్టమూ లేదు కదా, మరి ఎందుకు?’ అని అడిగావు. డిప్రెషన్‌కి కారణం కనిపించాలనే నియమం లేదు. నిద్ర చెడిపోవడం, కొత్త చోటు, చుట్టూ అందరూ క్లాస్ ఫస్టులే కావడం, ఇంతకాలం నీకు విలువ తెచ్చిన మార్కులు ఒక్కసారి జారడం, ఇవి చాలు. పెద్ద దెబ్బ ఏదీ తగలకుండానే మనిషి కుంగిపోవచ్చు. కారణం దొరికితేనే సాయం అడిగే హక్కు వస్తుందనుకోకు.

లోపల ఏం జరుగుతుందో తెలియక చాలామంది వెళ్లరు కాబట్టి అది కాస్త వివరంగానే చెప్తాను. మొదటిసారి వెళ్తే ముందు ఒక ఫారం ఇస్తారు. పేరు, కోర్సు, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి, ఇంతకుముందు ఏమైనా మందులు వాడావా, ఇలాంటివి. దానితో పాటు చాలా చోట్ల ఒక చిన్న ప్రశ్నావళి ఉంటుంది. దాని పేరు పీహెచ్‌క్యూ-9. తొమ్మిదే ప్రశ్నలు. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఎన్ని రోజులున్నావు, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, నీ మీద నీకే అసహ్యం వేసిందా, చదువుతుంటే మనసు నిలుస్తోందా, ఇలా సాగుతుంది. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 27. పది గానీ అంతకు మించి గానీ వస్తే కాస్త జాగ్రత్తగా చూడాల్సిన స్థితి అని అర్థం. అంతమాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, అది తేల్చేది మనిషి, కాగితం కాదు. చివరి ప్రశ్న, చచ్చిపోతే బాగుండు అనిపించిందా, నిన్ను నువ్వు గాయపరచుకోవాలనిపించిందా అని. ఆ ప్రశ్న చూసి గాబరా పడకు. అందరినీ అడుగుతారు. మనసులో అలాంటిది ఉంటే మాత్రం సున్నా పెట్టి తప్పించుకోకు. అక్కడ నిజం రాయడం నీకు చాలా ముఖ్యం.

తర్వాత ఒక గదిలో కౌన్సెలర్‌తో ముప్పావు గంట, యాభై నిమిషాలు మాట్లాడతావు. సోఫాలో పడుకోబెట్టి చిన్నప్పటి సంగతులు తవ్వుతారని సినిమాల్లో చూసి అనుకుంటారు కానీ, యూనివర్సిటీ కౌన్సెలింగ్ చాలా మటుకు ఇప్పటి సమస్య చుట్టూనే తిరుగుతుంది. నీ విషయమే తీసుకుందాం. ఫైలు తెరవాలంటే చేతులు చల్లబడుతున్నాయన్నావు. ‘ఆ క్షణంలో నీ మనసులో వచ్చే మాట ఏంటి?’ అని అడుగుతారు. నువ్వు కాసేపు ఆలోచించి, ‘ఈసారి కూడా రాయలేకపోతే నేను ఇక్కడికి పనికిరానని అందరికీ తెలిసిపోతుంది’ అంటావనుకో. ఆ మాటని కాగితం మీద రాయిస్తారు. అది నిజమనడానికి ఏముంది, కాదనడానికి ఏముంది, పక్కపక్కన రాయిస్తారు. అప్పుడు కనిపిస్తుంది, నువ్వు భయపడేది అసైన్‌మెంట్‌కి కాదని, అందులోంచి నీ మీద వచ్చే తీర్పుకని. వచ్చే వారం లోపు ఒక చిన్న పని ఇస్తారు. రోజూ ఒకే వేళకి ఫైలు తెరువు, పది నిమిషాలు చూడు, ఒక్క అక్షరం రాయకపోయినా ఫర్వాలేదు, మూసెయ్. వినడానికి చాలా చిన్నదిగా ఉంటుంది. కానీ భయపడిన దాన్ని తప్పించుకున్న కొద్దీ భయం పెరుగుతుంది, ఎదురుగా కూర్చున్న కొద్దీ తగ్గుతుంది. 1960లలో ఆరన్ బెక్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు మొదలుపెట్టిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే చికిత్స నడిచేది ఇలాగే. డిప్రెషన్, ఆందోళన రెండింటికీ బాగా పరీక్షించి చూసిన పద్ధతి ఇది.

మాట్లాడితే మార్కులు వస్తాయా అన్నావు కదా. మాటలతో రావు. రోజూ ఫైలు తెరవగలిగితే వస్తాయి. ఆ మాటలు నిన్ను అక్కడి దాకా తీసుకెళ్తాయి.

మొదటి కౌన్సెలర్ నీకు నప్పకపోవచ్చు. ఒకటి రెండుసార్లు వెళ్లాక కూడా మాట్లాడాలనిపించకపోతే, వేరొకరిని ఇమ్మని అడుగు. వాళ్లకిది మామూలే, ఎవరూ తప్పు పట్టరు. చికిత్స ఫలించడంలో కౌన్సెలర్‌కీ నీకూ మధ్య కుదిరే నమ్మకానిది పెద్ద పాత్ర. చాలా సెంటర్లలో ఒక్కొక్కరికి ఇన్ని సెషన్లు అని పరిమితి ఉంటుంది, తర్వాత బయటి వాళ్ల దగ్గరికి పంపుతారు. అది మొదటి రోజే అడిగి తెలుసుకో. అపాయింట్‌మెంట్‌కి వారాల తరబడి ఆగమన్నారంటే, ఎవరైనా రద్దు చేసుకుంటే పిలవమని పేరు ఇవ్వు. గ్రూప్ సెషన్లు ఉన్నాయేమో కూడా అడుగు. నలుగురిలో ఎలా చెప్పుకుంటాం అని వాటిని చాలామంది కొట్టిపారేస్తారు. కానీ నీలా ‘నాకే ఇలా ఎందుకు’ అనుకునేవాళ్లకి, ఎదుటి కుర్చీలో కూర్చున్న అబ్బాయి నోట అచ్చం తన మాటే వినడం కంటే పెద్ద ఊరట ఉండదు.

మందుల గురించి ఒక మాట. కౌన్సెలర్ మందులు రాయరు. అవసరం అనుకుంటే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతారు. అందరికీ మందులు అవసరం పడవు. రాస్తే మాత్రం రెండు సంగతులు గుర్తుంచుకో. డిప్రెషన్ మందులు పూర్తిగా పనిచేయడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు, నాలుగు రోజులు వేసుకుని లాభం లేదని మానేయకూడదు. బాగయ్యాను కదా అని నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపకూడదు కూడా, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. పాతికేళ్ల లోపు వాళ్లలో కొందరికి మొదటి వారాల్లో చెడ్డ ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది. అందుకే ఆ రోజుల్లో డాక్టర్ తరచూ రమ్మంటారు. ఒంట్లో గానీ మనసులో గానీ ఏ మార్పు కనిపించినా ఫోన్ చేసి చెప్పెయ్.

ఎవరికి తెలుస్తుంది అనే ప్రశ్నకి వద్దాం. కౌన్సెలింగ్ సెంటర్ రికార్డులు వేరు, నీ మార్కుల రికార్డులు వేరు. సర్టిఫికెట్ మీద గానీ మార్కుల జాబితాలో గానీ ఇవేవీ రాయరు. నువ్వు మేజర్‌వి కాబట్టి సాధారణంగా నీ అనుమతి లేకుండా ఇంట్లో వాళ్లకి గానీ డిపార్ట్‌మెంట్‌కి గానీ చెప్పరు. దీనికి మినహాయింపులున్నాయి. నీ ప్రాణానికి ముప్పు ఉందనిపించినా, నీ వల్ల ఇంకొకరికి ముప్పు ఉందనిపించినా, చిన్నపిల్లల మీద అఘాయిత్యం సంగతి బయటపడినా, కోర్టు అడిగినా వాళ్లు మౌనంగా ఉండకూడదు. మొదటి సెషన్ మొదలవగానే, ‘నేను చెప్పేది ఎవరెవరికి వెళ్తుంది?’ అని సూటిగా అడిగెయ్. మంచి కౌన్సెలర్ ఆ ప్రశ్నకి చిరాకు పడరు, అడగకముందే చెప్తారు.

చాలామంది గమనించని తేడా ఇక్కడొకటుంది. కౌన్సెలర్‌కి ఉండే గోప్యత నియమం నీ ప్రొఫెసర్‌కో, హాస్టల్ వార్డెన్‌కో ఉండదు. వాళ్లు మంచివాళ్లే కావచ్చు, కానీ కొన్ని విషయాలు, ముఖ్యంగా లైంగిక వేధింపుల లాంటివి, వాళ్ల చెవిన పడితే పైకి తెలియజేయాల్సిన బాధ్యత కొన్ని యూనివర్సిటీల్లో వాళ్ల మీద ఉంటుంది. కాబట్టి ఎవరికి ఏం చెప్పాలో ఆలోచించుకుని చెప్పు. బయటి డాక్టర్ దగ్గరికి ఇంట్లో వాళ్ల ఇన్సూరెన్స్ మీద వెళ్తే ఆ బిల్లు సమాచారం పాలసీ ఎవరి పేరున ఉందో వాళ్లకి చేరొచ్చు. ఇంట్లో ఇప్పుడే తెలియకూడదనుకుంటే ఇదీ చూసుకోవాలి.

నాకు నీకు అన్నిటికంటే గట్టిగా చెప్పాలనున్నది తేదీల గురించి. యూనివర్సిటీలో ఉండే సాయాలన్నీ దాదాపుగా ముందు రోజుల కోసం ఏర్పాటైనవే. గడువుకు ముందు అడిగితే గడువు పెంచుతారు. పరీక్షకు ముందు చెప్తే పరీక్ష వాయిదా వేస్తారు, లేదా ఎక్కువ టైము ఇస్తారు. ఏదైనా ఒక సబ్జెక్టుని వదిలేసే ఆఖరి తేదీ లోపు వదిలేస్తే మార్కుల జాబితాలో ఫెయిల్ అని పడదు. అదే ప్రొఫెసర్, అదే ఆఫీసు, ఫలితాలు వచ్చాక వెళ్తే ‘అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా’ అంటారు. వాళ్లు దుర్మార్గులని కాదు, వాళ్ల చేతిలో అప్పటికి ఏమీ మిగలదు. ఏళ్ల తరబడి విద్యార్థుల ఉత్తరాలు చదువుతున్నాను. బాధ కంటే ఎక్కువగా పిల్లల్ని దెబ్బతీస్తున్నది, బాధ తగ్గాక చెప్దాంలే అని ఆగడమే.

కాబట్టి ఇవాళే, ఈ పత్రిక పక్కన పెట్టి, ఆ రెండో అసైన్‌మెంట్ ప్రొఫెసర్‌కి మెయిల్ రాయి. పెద్ద సంజాయిషీ అక్కర్లేదు, రోగం పేరు చెప్పక్కర్లేదు. ‘సర్, కొన్ని వారాలుగా ఆరోగ్యం బాగాలేదు, హెల్త్ సెంటర్‌కి వెళ్తున్నాను. ఫలానా అసైన్‌మెంట్‌కి ఇంకో వారం గడువు ఇవ్వగలరా? అవసరమైతే హెల్త్ సెంటర్ నుంచి కాగితం తెస్తాను. ఇవ్వలేకపోయిన మొదటి అసైన్‌మెంట్ విషయం కూడా ఒకసారి కలిసి మాట్లాడాలనుకుంటున్నాను.’ ఇంతే. ఆ నాలుగు వాక్యాలకి మించి రాయకు. ఎక్కువ రాయాలని కూర్చుంటే పంపకుండా ఉండిపోతావు. నువ్వు రాయలేకపోతే రూమ్మేట్‌ని టైప్ చేయమను, నువ్వు పంపు.

ఇది ఒక అసైన్‌మెంట్‌తో తీరేది కాదనిపిస్తే, వికలాంగ విద్యార్థుల సహాయ విభాగం అని ఒకటి ఉంటుంది, దాన్ని కలువు. పేరు చూసి అది నాకోసం కాదనుకుంటారు. డిప్రెషన్, ఆందోళన, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవని సమస్య), మధుమేహం, మూర్ఛ, మైగ్రేన్ లాంటివి చదువుకి అడ్డం పడుతుంటే చాలా చోట్ల వాళ్లే చూస్తారు. డాక్టర్ కాగితం చూపిస్తే పరీక్షలో అదనపు సమయం, విడిగా గది, హాజరులో సడలింపు, క్లాసు నోట్సు లాంటివి ఏర్పాటు చేస్తారు. ప్రొఫెసర్లకి వెళ్లే ఉత్తరంలో సాధారణంగా నీ జబ్బు పేరు ఉండదు, నీకు ఇవ్వాల్సిన వెసులుబాటు మాత్రమే ఉంటుంది. వాళ్ల దయాదాక్షిణ్యాల మీద దొరికేది కాదిది. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 24వ అధికరణం ఉన్నత విద్యలో కూడా ఇలాంటి వెసులుబాటు ఇవ్వాలని చెప్తోంది. ఈ విభాగంలో కాగితాలు కదలడానికి వారాలు పడుతుంది. పరీక్షల ముందు రోజు వెళ్తే పని జరగదు.

సెమిస్టర్ మొత్తానికి విరామం తీసుకోవడం కూడా ఒక దారి. కొందరికి అదే సరైనది. దానికి ముందు స్కాలర్‌షిప్ ఏమవుతుంది, హాస్టల్ గది ఉంటుందా, విద్యారుణం వాయిదాలు మొదలవుతాయా, తిరిగి ఏ తేదీన చేరాలి, ఇవన్నీ కాగితం మీద రాయించుకోవాలి. వేరే దేశంలో చదువుతున్నవాళ్లయితే వీసా సంగతి అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడక్కుండా ఒక్క సబ్జెక్టు కూడా తగ్గించుకోకూడదు. నీ ఉత్తరాన్ని బట్టి నీకు అంత దూరం అవసరం రాదని నా నమ్మకం. కానీ అలాంటి దారి ఒకటి ఉందని తెలిసి ఉండటం మంచిది.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. డబ్బు ఇబ్బంది వస్తే అత్యవసర సహాయ నిధి చాలా యూనివర్సిటీల్లో ఉంటుంది, విద్యార్థి సంక్షేమ ఆఫీసులో అడగాలి. మార్కుల విషయంలోనో ప్రొఫెసర్ ప్రవర్తన విషయంలోనో అన్యాయం జరిగితే విద్యార్థి సంఘం నీ తరఫున నిలబడుతుంది. టీకాలు, నెలసరి ఇబ్బందులు, గర్భనిరోధకాలు, లైంగిక ఆరోగ్యం, వీటన్నిటి గురించి హెల్త్ సెంటర్‌లో సిగ్గుపడకుండా అడగొచ్చు. యాప్‌లు, ధ్యానం తరగతులు బాగున్నవాళ్లని బాగా ఉంచుతాయి, కింద పడ్డవాళ్లని లేపడానికి అవి చాలవు. కౌన్సెలింగ్‌కి బదులుగా వాటిని చూపిస్తే ఒప్పుకోకు.

నిద్ర. నీ వయసుకి రాత్రికి ఏడు నుంచి తొమ్మిది గంటలు కావాలి. మూడింటికి పడుకుని మధ్యాహ్నం నిద్రపోయి ఆ లెక్క సరిచేద్దామనుకుంటే చక్రం ఇంకా తిరగబడుతుంది. పడుకునే వేళ నీ చేతిలో ఉండదు, లేచే వేళ ఉంటుంది. అందుకని లేచే టైము ఒకటి పెట్టుకుని, రాత్రి ఎప్పుడు నిద్ర పట్టినా ఆ టైముకే లేవాలి, సెలవు రోజున కూడా. లేవగానే ఎండలోకి వెళ్లాలి. ఒళ్లు మరీ నొప్పిగా లేకపోతే పది నిమిషాలు నడువు. కాఫీ, టీ, ఎనర్జీ డ్రింకులు మధ్యాహ్నం తర్వాత మానెయ్, తాగిన కెఫీన్‌లో సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. మంచం మీద చదవకు. అరగంట దాకా నిద్ర రాకపోతే లేచి కుర్చీలో కూర్చో, కళ్లు మూతలు పడుతుంటే మళ్లీ వెళ్లు. మొదటి వారం పగలు నరకంగా ఉంటుంది. రెండో వారానికి దారిలో పడుతుంది. నెలల తరబడి నిద్ర పట్టనివాళ్లకి నిద్రమాత్రల కంటే ముందు ప్రయత్నించాల్సింది ఇలాంటి పద్ధతులతో కూడిన చికిత్సేనని డాక్టర్లు ఇప్పుడు చెప్తున్నారు. కౌన్సెలింగ్ సెంటర్‌లో దానికి సాయం చేసేవాళ్లు ఉన్నారేమో అడుగు.

నీ ఉత్తరంలో చావు గురించి ఒక్క మాట లేదు. అయినా అడుగుతాను, ఎందుకంటే అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, ఉన్నది దాచుకోవడం వల్ల పెరుగుతుంది. ఎప్పుడైనా రాత్రి పూట బతకడం ఎందుకు అనిపించిందా? అనిపిస్తే అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగొద్దు. రూమ్మేట్‌ని లేపు. ఆ క్షణంలో ఆ అమ్మాయి నిద్ర చెడుతుందని చూడకు. మీ దగ్గర పనిచేసే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి, ఆ నంబర్ ఇవాళే వెతికి ఫోన్‌లో పెట్టుకో. చాలా యూనివర్సిటీల్లో కౌన్సెలింగ్ సెంటర్‌కి రాత్రి వేళల్లో కూడా అత్యవసర నంబర్ ఉంటుంది. కొన్ని చోట్ల విద్యార్థులే రాత్రంతా ఫోన్ దగ్గర కూర్చుని తోటి విద్యార్థుల మాట వింటారు. 1970లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో నైట్‌లైన్ పేరుతో మొదలైన పద్ధతి అది. ముప్పు మరీ దగ్గరలో ఉందనిపిస్తే ఎవరితోనైనా కలిసి నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఈ జవాబు చదువుతున్న ఇంకెవరికైనా సరే, ఇదే నా మాట.

అమ్మ సంగతి. చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం, కౌన్సెలర్ కూడా నిన్ను బలవంతపెట్టరు. నాకు మాత్రం చెప్తే బాగుంటుందనిపిస్తోంది. రోజూ ‘బాగానే ఉన్నా’ అని నటించడానికి నీ దగ్గర ఉన్న కాస్త ఓపికా ఖర్చైపోతోంది. మొత్తం ఒకేసారి చెప్పక్కర్లేదు. ‘అమ్మా, నిద్ర సరిగా పట్టడం లేదు, నీరసంగా ఉంటోంది, డాక్టర్‌కి చూపించుకుంటున్నాను’ అంటే చాలు. రక్త పరీక్షల గురించి చెప్పడం ఏ అమ్మాయికైనా తేలికే. ఆవిడ కంగారు పడి నాలుగు ప్రశ్నలు వేస్తుంది, వెంటనే బయల్దేరి వస్తానంటుంది కూడా. అప్పుడు, ‘రావద్దమ్మా, రోజూ ఫోన్ చెయ్యి, నేను నిజం చెప్తాను’ అను. మిగతాది నీకు ఎప్పుడు నోరు పెగిలితే అప్పుడు.

నిన్ను కౌన్సెలింగ్‌కి వెళ్లమన్న ఆ రూమ్మేట్‌ని హెల్త్ సెంటర్‌కి తోడు రమ్మను. లోపలికి రానక్కర్లేదు, బయట కుర్చీలో కూర్చుంటే చాలు. వెళ్లేముందు ఒక చీటీ మీద రాసుకో: నిద్ర ఎప్పటి నుంచి పట్టడం లేదు, బరువు తగ్గావా, నెలసరి ఎన్ని రోజులు ఉంటోంది, జుట్టు ఎప్పటి నుంచి ఊడుతోంది, ఏయే క్లాసులు పోయాయి. డాక్టర్ ఎదుట కూర్చోగానే అందరికీ మాట తడబడుతుంది, చెప్పాల్సినవే మర్చిపోతాం. మాట రాకపోతే ఆ చీటీ ఆయన చేతిలో పెట్టెయ్.